అస్తరు కింద పనితనం

నిజామాబాద్‌లో కోటు అనగానే ఎవరికైనా పెళ్లే గుర్తుకొస్తుంది. రిసెప్షన్ రోజు పెళ్లికొడుకు వేసుకుంటాడు, ఫొటోలు దిగుతాడు, తెల్లారి అది ప్లాస్టిక్ కవర్లో బీరువా ఎక్కుతుంది. కొన్నేళ్లకు తమ్ముడి పెళ్లికని తీస్తే పొట్ట దగ్గర గుండీ పడదు, ఛాతీ మీద బట్ట అక్కడక్కడా ఉబ్బి బుడగలు లేచి ఉంటుంది. మంచి కంపెనీ బట్టే తీసుకున్నాం కదా అని ఇంట్లోవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. బట్ట నిజంగా మంచిదే. దాని వెనక ఏం పెట్టారు, ఎట్లా కుట్టారు అని మాత్రం కుట్టించిన రోజున ఎవరూ అడగలేదు.

ఆ అడగడం నేర్చుకోవడానికే ఈ అధ్యాయం. మీ ఒంటికి కొలిచి, మీ ఒంటికే కత్తిరించి, చేతిసూదితో కుట్టిన ట్వీడ్ కోటును ఎట్లా చూడాలో, ఎట్లా కుట్టించుకోవాలో చెబుతాను. కోటే ఎందుకంటే, దాని విలువలో పెద్ద భాగం అస్తరు కిందే ఉండిపోతుంది. పైకి కనిపించేదానికి అడిగినంతా ఇచ్చి, కనిపించని శ్రమ దగ్గరికి వచ్చేసరికి బేరమాడడం మనకు బాగా అలవాటైంది. ఇల్లు కట్టించేటప్పుడు టైల్స్‌కు ఖర్చు పెడతాం, గోడ లోపలి పైపుల దగ్గర పొదుపు చేస్తాం. అదే చూపు మెల్లగా మన సొంత పనిలోకీ దిగుతుంది. సార్ చూసే పేజీ నీటుగా ఉంటుంది, చూడని పేజీ ఎట్లాగో అట్లా అయిపోతుంది. ఇంకొకరి పనిలో లోపలి భాగాన్ని చూడడం అలవాటైన మనిషికి తన పనిలో లోపలి భాగాన్ని వదిలేయడం అంత సులువు కాదని నా నమ్మకం. ఈ పుస్తకంలో దర్జీ దుకాణానికి ఒక అధ్యాయం ఇచ్చింది అందుకే.

ఈ ఎండల్లో ట్వీడా?

మే నెలలో 45 డిగ్రీలు చూసే జిల్లా ఇది. ట్వీడ్ మన వేసవి బట్ట కాదు, సందేహం లేదు. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడి చలి గట్టిది. కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగే రాత్రులుంటాయి. నిజాంసాగర్ కాలువల కింద వరి, చెరకు పొలాల మీద మంచు దిగిన పొద్దున బోధన్ రోడ్డు మీద బండి నడిపినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. చెరకు ఆడే కాలమూ ఇదే. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచి 2015 డిసెంబరులో అది మూతపడేదాకా ఇక్కడ చలికాలమంటే క్రషింగ్ సీజనే. బండ్లు, ట్రాక్టర్లు గేటు ముందు వరస కట్టేవి, షిఫ్టు సైరనుకు మఫ్లర్లు చుట్టుకున్న మనుషులు అర్ధరాత్రి పనికి నడిచేవారు. ఈ నేల మీద ఉన్ని బట్ట కొత్త ముచ్చట కాదు.

ట్వీడ్ స్కాట్లాండ్ చలిలో, వానలో పుట్టింది. ఉన్నిని నున్నగా దువ్వకుండా, ఏకి, పోగులు అటూ ఇటూ చెదిరి ఉండగానే వడుకుతారు. ఆ నూలులో గాలి నిలుస్తుంది. ఒంటికి తగిలే వెచ్చదనం ఆ గాలిదే. రంగు సంగతి ఇంకా అందమైనది. హారిస్ ట్వీడ్‌లో వడకకముందే ఉన్నికి రంగు వేస్తారు, రకరకాల రంగుల ఉన్నిని కలిపి ఏకుతారు. దూరం నుంచి వట్టి గోధుమరంగుగా కనిపించే బట్టను కంటి దగ్గర పెట్టుకుంటే అందులో ఇటుకరంగు, ఆకుపచ్చ, నీలం, ఊదా పోగులు ఒక్కొక్కటే బయటపడతాయి. షాపులో ట్యూబులైటు కింద ఇది తెలియదు. తాను పట్టుకుని గుమ్మం దగ్గరికి, పగటి వెలుతురులోకి రండి.

ఆ బట్టకు బ్రిటన్ పార్లమెంటు 1993లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లో రంగు వేసి వడికిన కొత్త ఉన్నితో, అక్కడి మనుషులు తమ ఇళ్లలో తమ మగ్గాల మీద నేసి, అక్కడే తుది మెరుగు పెట్టిన బట్టకే హారిస్ ట్వీడ్ అనే పేరు చెల్లుతుంది. ఒక దేశపు పార్లమెంటు కూర్చుని, ఇళ్లలో నేసేవాళ్ల శ్రమ పేరును ఇంకెవరూ వాడుకోకూడదని రాసుకోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఇదంతా వింటే మనకు గొంగడి గుర్తుకు రావాలి. దక్కనీ గొర్రె ఉన్నిని కురుమ ఇండ్లలో ఆడవాళ్లు వడుకుతారు, మగవాళ్లు గుంత మగ్గం మీద నేస్తారు, చింతగింజల గంజి పట్టిస్తారు. వానలో మంద వెంట తిరిగే మనిషికి గొంగడే గొడుగు, రాత్రికి అదే పక్క. నల్లగొంగడి నలుపు ఎవరూ అద్దింది కాదు, గొర్రెదే. గొంగడి గరుకు తెలిసిన చేతికి ట్వీడ్ గరుకు కొత్త కాదు. మెత్తగా, జారుగా, మెరుస్తూ ఉంటేనే ఖరీదైన బట్ట అనే లెక్క ఈ రెండింటి దగ్గరా పనిచేయదు. పట్నంలో ట్వీడ్‌ను మెచ్చుకుని ఊళ్లో గొంగడిని చిన్నచూపు చూసే మనిషి బట్టను చూడడం లేదు, బట్ట ధర చీటీని చూస్తున్నాడు.

ఇక కొనడం. షాపులో ముందు బరువు అడగండి. స్కాట్లాండ్ చలికి నేసిన ట్వీడ్ మీటరు 400 నుంచి 500 గ్రాములు తూగుతుంది. మన చలికి 300 గ్రాముల చుట్టుపక్కల ఉన్నది చాలు. అమృత్‌సర్ మిల్లుల బట్ట, కశ్మీర్ మగ్గాల బట్ట మన దేశంలోనే మంచివి ఉన్నాయి. నిజామాబాద్‌లో దొరక్కపోతే హైదరాబాద్‌లో దొరుకుతాయి. పన్నా 150 సెంటీమీటర్లు ఉంటే మామూలు ఒళ్లున్న మనిషి కోటుకు రెండు మీటర్ల పైచిలుకు పడుతుంది. గళ్ల బట్టయితే గడికి గడి కలపాలి కనుక ఇంకాస్త ఎక్కువ తీసుకోండి. అనుమానముంటే అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది.

షేర్వానీ కుట్టిన చేయి

ట్వీడ్ కోటుకు దర్జీని ఎక్కడ వెతకాలి? షేర్వానీ కుట్టే దుకాణంలో. నేను ఎవరికైనా ముందుగా చెప్పే మాట ఇదే. హైదరాబాద్ సంస్థానంలో షేర్వానీ కొలువు దుస్తు. హిందువైనా ముస్లిమైనా, తెలుగువాడైనా మరాఠీవాడైనా, కచేరీకి వెళ్లే మనిషి మెడదాకా గుండీలు పెట్టుకున్న షేర్వానీ తొడుక్కునేవాడు. ఆ రోజులు పోయినా ఆ పనితనాన్ని పెళ్లిళ్లు ఇంకా బతికిస్తున్నాయి. షేర్వానీకి ఛాతీ నిలవాలి, భుజం జారకూడదు, నిలువు కాలర్ మెడను అంటి ఉండాలి కానీ నొక్కకూడదు. కోటుకు కావలసినవీ ఇవే. అంత కాలర్‌ను నిలబెట్టగలిగిన చేయి కోటు కాలర్‌ను మెడ మీద కూర్చోబెట్టగలదు.

ఈ చేతుల వెనక చాలా తరాల పని ఉంది. తెలంగాణలో మేర కులస్థుల వృత్తి కుట్టుపని. మంజీర అవతల మరాఠ్వాడాలో శింపీలు అదే పని చేస్తారు, నామదేవుణ్ణి తమవాడిగా కొలుస్తారు. 13వ శతాబ్దంలో పుట్టిన ఆ భక్తకవి దర్జీ ఇంటి బిడ్డ. ఆయన పుట్టిన ఊరని చెప్పే నర్సీ హింగోలి జిల్లాలో ఉంది, బోధన్ నుంచి నాందేడ్ దాటితే వచ్చేస్తుంది. గజం, కత్తెర, సూదిదారం ఆయన పదాల్లోకి ఎక్కాయి, ఆ పదాలు గురుగ్రంథ్ సాహిబ్ దాకా వెళ్లాయి. ఇక ముస్లిం దర్జీలు లేని బజారు ఈ జిల్లాలో లేదు. మాస్టర్ ఉర్దూలో చెబితే కారీగర్ మరాఠీలో బదులిచ్చి, గిరాకీకి తెలుగులో సర్దిచెప్పడం నిజామాబాద్, బోధన్ దుకాణాల్లో రోజూ జరిగేదే.

బట్టల గురించి మాట్లాడుతూ నిజాముల్ని తలచుకోకపోతే ఎట్లా? ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ బట్టల అల్మారా హైదరాబాద్ పురానీ హవేలీలో ఇప్పటికీ చూడవచ్చు. బర్మా టేకుతో రెండంతస్తులుగా కట్టిన పొడవాటి అల్మారా అది, పైకి వెళ్లడానికి చేత్తో తిప్పే లిఫ్టు కూడా ఉంది. ఒకసారి వేసింది ఆయన మళ్లీ వేయడని చెప్పుకునేవారు. కొడుకు మీర్ ఉస్మాన్ అలీఖాన్ దీనికి పూర్తిగా ఎదురు. బోధన్ ఫ్యాక్టరీ పుట్టిన 1937లోనే టైమ్ పత్రిక ఆయన్ను ముఖచిత్రంగా వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది. ఆ మనిషేమో పాత షేర్వానీ, వెలిసిన టోపీతోనే తిరిగేవాడు. ఇద్దరిలో ఎవరినీ అనుసరించమని చెప్పను. లెక్కలేనన్ని బట్టలున్న మనిషికి ఒక్కదానితోనూ చనువు ఏర్పడదు. మరీ పట్టించుకోని మనిషి కుట్టినవాడి శ్రమను పాడుచేస్తాడు. ఒక కోటు, బాగా కుట్టింది, బాగా చూసుకుంటూ ఇరవై ఏళ్లు వేసుకునేది, మన జీతాలకూ మన బీరువాలకూ సరిపోతుంది.

మీరెట్ల నిలవడ్తరో అట్లనే

దుకాణంలో అడుగుపెట్టగానే చాలామంది అద్దం ముందు పొట్ట లోపలికి లాగి, ఛాతీ విరిచి నిలబడతారు. మంచి మాస్టర్ టేపు తీయకుండా కాసేపు మాటల్లో పెడతాడు. ఏ ఊరు, పిల్లలేం చదువుతున్నారు, చెరకు వేశారా, పసుపు వేశారా. ఆ మాటల మధ్య మీరు మామూలుగా ఎట్లా నిలబడతారో గమనిస్తుంటాడు. ఒక దుకాణంలో నేను విన్న మాట ఇది: "సార్, జర ఊపిరి ఇడవుండ్రి. మీరెట్ల నిలవడ్తరో అట్లనే నిలవడుండ్రి. గిట్ల బిగవట్టుకోని నిలవడితె కోటు గూడ బిగవట్టుకునే వస్తది."

ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. చాలామందికి ఒక భుజం రెండోదానికంటే కాస్త దిగి ఉంటుంది. రోజంతా కంప్యూటర్ ముందో, పద్దు పుస్తకం మీదో వంగి పనిచేసేవాళ్లకు మెడ ముందుకొచ్చి వీపు గుండ్రమవుతుంది. అట్లాంటి మనిషికి కోటు వెనక భాగం కాస్త పొడుగు పెంచాలి, ముందు భాగం తగ్గించాలి, లేకపోతే కాలర్ మెడ నుంచి ఊడి వెనక్కి పడుతుంది. దిగిన భుజం కింద పలచటి దూది పొర ఒకటి అదనంగా వేస్తే రెండూ సమంగా కనిపిస్తాయి. రెడీమేడ్ కోటు ఎవరిదీ కాని ఒక ఒంటికి కుట్టింది. కొలిచి కుట్టే కోటు మీ వంకరను లెక్కలోకి తీసుకునే మొదలవుతుంది. మన లోపాన్ని దాచిపెట్టి మరొకరి సాయం తీసుకోలేమని ఎన్ని పుస్తకాలు చదివినా ఇంత బాగా అర్థం కాదు. వైద్యుడి దగ్గర, లాయరు దగ్గర, గురువు దగ్గర మనం ఇట్లాగే ఊపిరి బిగబట్టి నిలబడతాం. అక్కడా వదలాలి.

కొలతలయ్యాక మాస్టర్ బట్టను వెంటనే కత్తిరిస్తానంటే ఆపండి. ఉన్ని తడి తగిలితే ముడుచుకుంటుంది. ముందే తడి ఆవిరి పట్టించి, ముడుచుకునేదంతా ముడుచుకోనిచ్చి, ఆరాకే సుద్దగీత పడాలి. "తడిపి ఆరబెట్టిన తర్వాతే కట్ చేస్తారు కదా మాస్టర్?" అని అడిగితే చాలు, మీరు పని తెలిసిన గిరాకీ అని ఆయనకు అర్థమవుతుంది. అక్కడి నుంచి ఆయన మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

వేలి మీద వంచిన రెక్క

ఇప్పుడు అస్తరు కిందికి వెళ్దాం. ఈ అధ్యాయంలో మీరు మెల్లగా చదవాల్సింది ఈ భాగమే.

కోటు ముందు భాగం ఒక్క పొర బట్ట కాదు. పైన కనిపించే ట్వీడ్‌కూ లోపలి అస్తరుకూ మధ్య కాన్వాస్ అనే గట్టి బట్ట ఉంటుంది. మంచి కాన్వాస్‌లో గుర్రపు వెంట్రుక కలిపి నేస్తారు. వంచినా తిరిగి లేచి నిలబడే గుణం దానికి ఆ వెంట్రుకతో వస్తుంది. కోటుకు ఛాతీ నిలిచేది దీనివల్లే. దాన్ని ట్వీడ్‌కు పట్టించే దారులు రెండు. ఒకటి జిగురు. వెనక జిగురు పూసిన బట్టను పెట్టి వేడి యంత్రంతో నొక్కితే నిమిషంలో అంటుకుంటుంది, దీన్ని ఫ్యూజింగ్ అంటారు. డ్రై క్లీనింగు, ఇస్త్రీ వేడి పడేకొద్దీ ఆ జిగురు అక్కడక్కడా వదులుతుంది. పెళ్లి కోటు మీద లేచే బుడగలు అవే. రెండోది సూది.

సూదిదారిని దగ్గర కూర్చుని చూడండి. కోటు ముందు మడిచే రెక్కను, లాపెల్ అంటారే దాన్ని, మాస్టర్ ఎడమ చూపుడువేలి మీద వంచి పట్టుకుంటాడు. కాన్వాస్ పైవైపు, ట్వీడ్ వేలివైపు. కుడిచేతి సూది కాన్వాస్‌లోంచి దిగి, కింద ఉన్న ట్వీడ్‌లో ఒకే ఒక్క పోగును అందుకుని పైకి వస్తుంది. రెండో పోగు తగిలితే అవతలి వైపు చుక్కలా కనిపిస్తుంది, ఒక్క పోగూ తగలకపోతే పట్టు ఉండదు. కుట్టు ఏటవాలుగా పడుతుంది. వరస అయ్యాక పక్క వరస ఎదురు వాలుగా వస్తుంది. ఇట్లా రెండు రెక్కల మీదా, కాలర్ కిందా వందల కుట్లు పడతాయి. అన్నీ వేలి మీద వంచి వేసినవే కనుక రెండు పొరలూ ఆ వంపులోనే ఒకదానికొకటి కట్టుబడిపోతాయి. చేతిలోంచి వదిలితే రెక్క బల్లపరుపుగా పడుకోదు, దానంతట అదే మెత్తగా చుట్టుకుంటుంది. ఇస్త్రీతో నొక్కిన మడత కాసేపటికి పోతుంది కానీ కుట్టుతో వచ్చిన ఈ వంపు కోటు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. ఇంత చేసి, మాస్టర్ దాని మీద ఇంకో పొర ట్వీడ్ కప్పి మూసేస్తాడు. ఆ కుట్లను మీరు మళ్లీ చూడరు.

చేతులు ఎక్కించడం ఇంకో పెద్ద పని. కోటు చేయి పైభాగం చుట్టుకొలత చంక దగ్గరి గుండ్రం కంటే ఎక్కువ ఉంటుంది. ఆ ఎక్కువ బట్టను ముడత పడకుండా ఆవిరితో, వేళ్లతో లోపలికి తినిపించాలి. ఉన్ని దీనికి ఒప్పుకుంటుంది, పాలిస్టర్ ఒప్పుకోదు. చంక గుండ్రం చిన్నగా, పైకి ఉంటే చేయి ఎత్తినా కోటు కదలదు. పెద్దగా, కిందికి ఉంటే చేయితోపాటు కోటంతా లేస్తుంది. వదులుగా ఉంటే సుఖమని మనం అనుకుంటాం, మాస్టర్‌ను చంక దగ్గర వదులు చేయమని ఒత్తిడి పెడతాం. దయచేసి పెట్టకండి.

ఇదంతా చేతికి తెలియాలి, కాగితం మీద రాసిస్తే వచ్చేది కాదు. చక్కెర ఫ్యాక్టరీలో పాన్ మీద పని చేసిన వాళ్లెవరైనా మీ ఊళ్లో ఉంటే అడగండి. చెరకు రసం చిక్కబడి చక్కెర గింజ కట్టేది వాక్యూమ్ పాన్‌లో. గాలి ఒత్తిడి తగ్గించడం వల్ల రసం తక్కువ వేడికే మరుగుతుంది, చక్కెర మాడదు. పాన్ పక్కన మీటర్లున్నా, పనివాడు కొంచెం నమూనా బయటికి తీసి అద్దం ముక్క మీద పూసి వెలుతురుకు పట్టి చూస్తాడు. గింజ సమంగా కట్టిందా, మధ్యలో దుమ్ములాంటి సన్న గింజ పుడుతోందా అని కంటితోనే తేల్చుకుని, రసం ఎప్పుడు వదలాలో, పాన్ ఎప్పుడు దించాలో చెబుతాడు. టీలో కలుపుకునే మనకు చెంచాడు తెల్ల చక్కెరే తెలుసు. శక్కర్‌నగర్ కాలనీల్లో అట్లాంటి కళ్లున్న మనుషులు ఎందరో ఉండేవారు. ఫ్యాక్టరీ మూతపడిందంటే వాళ్ల జీతాలు ఆగాయని మాట్లాడుకుంటాం. ఆ చూపు నేర్చుకోవడానికి ఇంకొకరికి చోటు లేకుండా పోవడం కూడా నష్టమే, దానికి లెక్క కట్టినవారు లేరు. దర్జీ దుకాణం మూతపడినప్పుడు జరిగేదీ ఇదే.

కచ్చా ట్రయల్

తెల్లదారంతో పొడుగు కుట్లు వేసి, జేబులు లేకుండా, ఒక్కోసారి ఒకే చేయి పెట్టి మొదటి ట్రయల్‌కు పిలుస్తారు. ఈ కచ్చా ట్రయల్ లేకుండా నేరుగా పూర్తయిన కోటు ఇస్తానంటే ఆ దుకాణం వద్దు. మీరు రోజూ వేసుకునే చొక్కా, బూట్లు వేసుకుని వెళ్లండి. జేబులో పెట్టుకునే ఫోను, కళ్లద్దాలు పెట్టుకునే వెళ్లండి. ముందు కాలర్ చూడండి, మెడ వెనక వేలు దూరేంత సందు కనిపిస్తే సరిచేయించాలి. రెండు చేతులూ బండి హ్యాండిల్ పట్టుకున్నట్టు చాచండి, వీపు చిరిగేంత బిగిసిందా? కూర్చోండి. గుండీ పెట్టుకుని నిలబడితే గుండీ దగ్గర బట్ట నాలుగు వైపులా లాగినట్టు గీతలు పడుతున్నాయా? చొక్కా కఫ్ అర అంగుళం బయటికి కనిపించాలి. భుజం అంచు మీ భుజం దగ్గరే ఆగాలి.

గీత పడ్డచోట వేలు పెట్టి చూపించండి, ఇట్లా కత్తిరించు అని మాత్రం చెప్పకండి. ఎక్కడ ఇబ్బందో చెప్పడం మీ పని, ఎట్లా తీసేయాలో తేల్చడం ఆయన పని. ఇంట్లోనూ ఆఫీసులోనూ సగం గొడవలు ఈ రెండూ కలిపేయడం వల్లే వస్తాయని నాకనిపిస్తుంది.

ఆ రోజే ఇంకో మాట అడగాలి, లోపల బట్ట ఎంత వదులుతున్నారని. పక్క కుట్ల దగ్గర, వీపు మధ్యలో, చేతుల చివర లోపలికి మడిచిన బట్ట ఉంటే పదేళ్లకు ఒళ్లు వచ్చినా కోటు విప్పి పెద్దది చేయవచ్చు. నలభై దాటిన మనిషికి ఇదే అసలు పొదుపు.

కూలి, కాలం

లండన్ సావిల్ రో దర్జీల సంఘం లెక్క ప్రకారం ఒంటికి కొలిచి కుట్టే ఒక బెస్పోక్ సూటులో కనీసం 50 గంటల చేతిపని ఉండాలి. నిజామాబాద్ గాంధీచౌక్ దగ్గర మాస్టర్ చేతిలోనూ ట్వీడ్ ట్వీడే, సూది సూదే. మీరిచ్చే కూలిని ఆ గంటలతో ఒకసారి భాగించి చూడండి, తర్వాత బేరం గురించి ఆలోచించండి. బ్రాండు షోరూములో ధర చీటీ చూసి నోరు మెదపకుండా కార్డు ఇచ్చే మనిషే ఇక్కడికొచ్చి రెండు వందలు తగ్గించమంటాడు. కూలి తగ్గిస్తే మాస్టర్ పైన ఏమీ తగ్గించడు, అది మీకు కనబడుతుంది కదా. కాన్వాస్ స్థానంలో జిగురు బట్ట వస్తుంది, చేతికాజా బదులు మిషన్ కాజా వస్తుంది.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. జూన్‌లో బడి యూనిఫాంలు, శ్రావణంలో పెళ్లిళ్లు, దసరా దీపావళి, రంజాన్ నెల, మళ్లీ మాఘ ఫాల్గుణాల పెళ్లిళ్లు. ఏ దర్జీకైనా ఈ నెలల్లో తల ఎత్తే తీరిక ఉండదు. భాద్రపదంలో ముహూర్తాలుండవు. రంజాన్, బక్రీద్ ఆ చుట్టుపక్కల పడని ఏడాదిలో దర్జీని వెతుక్కుంటూ వెళ్లడానికి అంతకంటే మంచి నెల లేదు. చలి మొదలయ్యేలోపు రెండు ట్రయల్స్ నిదానంగా అయిపోతాయి. "రేపటికి కావాలి" అనే మాట దుకాణంలో ఎప్పుడూ అనకండి. తొందరపెట్టి తీసుకున్న కోటులో మీ తొందరే ఉంటుంది.

ఇంటికి తెచ్చాక సంరక్షణ కష్టమేమీ కాదు. భుజం అంత వెడల్పున్న చెక్క హ్యాంగర్ కొనండి. వరసగా రెండు రోజులు వేయకండి, ఉన్నికి ఒకరోజు విడుపు ఇస్తే ముడతలు వాటంతటవే పోతాయి. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి, డ్రై క్లీనింగ్ చలికాలం ముగిశాక ఒక్కసారి చాలు. వానకాలంలో ప్లాస్టిక్ కవర్ తీసేసి పాత నూలు ధోతీ చుట్టండి. ఉన్నిని తినేవి చిమ్మట పురుగు పిల్లలు, మురికి, చెమట ఉన్నచోటే అవి ముందు చేరతాయి, అందుకే శుభ్రం చేయకుండా లోపల పెట్టొద్దు.

ఈ వారం చేయాల్సినవి

మీ ఇంట్లో ఉన్న ఏ కోటైనా బయటికి తీయండి. కింది రెండు కాజాల మధ్య, పైబట్టను ఒక చేత్తో, లోపలి బట్టను ఇంకో చేత్తో చిటికెడు పట్టి విడదీయండి. మధ్యలో మూడో పొర విడిగా జారుతున్నట్టు తగిలితే అది కాన్వాస్. పైబట్ట అట్టలా గట్టిగా ఉండి మూడో పొర దొరక్కపోతే అది జిగురు. తర్వాత కాజాలు చూడండి. ముందు కత్తిరించి తర్వాత చేత్తో అల్లిన కాజా అంచు కాస్త ఉబ్బి, తాకితే పూసల వరసలా ఉంటుంది. మిషన్ కాజా బల్లపరుపుగా ఉంటుంది, లోపల పీచు కనిపిస్తుంది. జేబు మూత మీది గడి ఛాతీ మీది గడితో కలిసిందా చూడండి.

రెండో పని, ఏదో ఒక సాయంత్రం షేర్వానీలు కుట్టే దుకాణానికి వెళ్లి, కచ్చా కుట్టులో ఉన్న కోటో షేర్వానీయో ఒకటి చూపించమని అడగండి. కుట్టించుకోవడానికి రాలేదని ముందే చెప్పండి. చాలామంది మాస్టర్లు సంతోషంగా చూపిస్తారు, ఎందుకంటే ఇన్నేళ్లలో లోపలి భాగం చూపించమని అడిగినవాళ్లు అరుదు. కాజాలు కుట్టేది ఎవరో, ఛాతీ కట్టేది ఎవరో అడగండి, అవి తరచూ వేరే చేతులు, లోపలి గదిలో కూర్చునే చేతులు. మీ కోటు తయారైన రోజున ఆ కారీగర్‌ను బయటికి పిలిపించి, ఆయన ఎదుటే తొడుక్కుని చూపించి, ఆయన చేతికి విడిగా ఏమైనా ఇచ్చి రండి.